గిలకలో చేతులు నలగకుండా: బరువులెత్తే పుల్లీ బ్లాకుల డిజైన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గిలకలు (పుల్లీ బ్లాకులు) గీసి, వెల్డింగ్ షాపులో చేయించి, సైట్లకు పంపడం నా పని. డిప్లొమా పిల్లలు, మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్లు, షాపు వాళ్ళు అందరూ తిప్పి తిప్పి అడిగేవి దాదాపు ఇవే, అందుకే ఒకచోట పెడుతున్నాను. ఇది ఎక్కువగా ఇళ్ళ పనుల్లో మనుషులు తాడుతో లాగే ఒంటి చక్రం గిలక గురించి. మోటారు లిఫ్టులు, చైన్ పుల్లీలు, బోర్ల దగ్గర పని గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి వాటినీ కలిపాను. మీకు ఏ ప్రశ్న కావాలో దానికే నేరుగా వెళ్ళండి, మొదటి నుంచి చదవనక్కర్లేదు.

## గీయడం మొదలుపెట్టే ముందు

తాడు లాగేవాడు కింద ఉంటాడు, గిలక పైన ఉంటుంది. మరి చెయ్యి అందులో ఎలా పడుతుంది?

చాలాసార్లు పడేది లాగేవాడి చెయ్యి కాదు, పైన స్లాబు మీద నిలబడి సరుకు అందుకునేవాడిది. తట్ట గాల్లో ఊగుతూ వస్తుంది, దాన్ని తన వైపు లాక్కోవడానికి అతను హుక్కుకి కాస్త పైన తాడు పట్టుకుంటాడు, పట్టుకోవడానికి అక్కడ వేరే ఏమీ లేదు కదా. కిందవాడికి ఇది కనపడదు, ఇంకో గుంజు గుంజుతాడు. తాడుతో పాటు చెయ్యి చక్రం దగ్గరికి వెళ్ళిపోతుంది. రెండో సందర్భం తాడు గాడి తప్పి ఇరుక్కున్నప్పుడు వేళ్ళతో సరిచెయ్యబోవడం. మూడోది గిలక కట్టేటప్పుడు, విప్పేటప్పుడు. డిజైన్ మొదలుపెట్టేవాళ్ళు ముందు ఈ మూడు చోట్లా చెయ్యి ఎందుకు వెళ్తోందో రాసుకోండి, చక్రాన్ని కప్పే కవర్ బొమ్మ ఆ తర్వాత.

జాగ్రత్తగా ఉంటే చాలదా? ప్రమాదం అనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవచ్చుగా?

ఒక్క లెక్క వేద్దాం. తాడు సెకనుకు అర మీటరు పోతోంది, ఇది మామూలు వేగమే. చెయ్యి చక్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో తాడు పట్టుకుని ఉంటే, చక్రం చేరడానికి పట్టేది సెకనులో ఐదో వంతు. కళ్ళతో చూసి చెయ్యి కదిలించడానికే మనిషికి దాదాపు పావు సెకను కావాలి. అంటే అతను ఎంత చురుకైనవాడైనా, ఎంత అనుభవం ఉన్నా, ఆ దూరంలో చెయ్యి తీసే టైమ్ లేదు. "నువ్వే చూసుకోవాలి" అని మనిషిని తిట్టడం నాకు నచ్చనిది ఇందుకే.

మా మేస్త్రి గ్లవ్స్ కొనిస్తే చాలంటున్నాడు. నిజమేనా?

తాడు రాపిడికి, ముళ్ళలాంటి పోగులకి గ్లవ్స్ పనికొస్తాయి. చక్రం దగ్గర మాత్రం కాపాడవు, పైగా వదులుగా ఉన్న గ్లవ్ కొస తాడుకీ గాడికీ మధ్య చిక్కితే మొత్తం చేతిని లోపలికి తీసుకుపోతుంది. తాడు లాగేవాళ్ళకి చేతికి బిగుతుగా పట్టే తోలు గ్లవ్స్ ఇవ్వండి, మణికట్టు దగ్గర వేలాడే రకం వద్దు. ఉంగరాలు, చేతికి కట్టుకున్న దారాలు తీయించండి. గాజులు వేసుకున్న ఆడవాళ్ళు కూడా తాడు లాగుతుంటారు, వాటి మీద బిగుతుగా పట్టే గుడ్డ పట్టీ వేసుకోమనండి. ఉంగరం తాడుకి చిక్కి లాగితే వేలి మీది చర్మం మొత్తం ఊడివచ్చే గాయం అవుతుంది, సర్జన్లకి కూడా అది చాలా కష్టమైన కేసు.

చేతికి అందనంత ఎత్తులో కట్టేస్తే ఇంక కవరెందుకు?

అందని ఎత్తు అంటే ఎంతో తెలిస్తే ఇది మంచి మార్గమే. యంత్రాల దగ్గర రక్షణ దూరాలు చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13857 ప్రకారం ప్రమాదం ఎక్కువున్న చోట అది మనిషి నిలబడే నేల నుంచి 2.7 మీటర్లు. చాలా సైట్లలో సరుగుడు కర్రలకి గిలక కట్టేది తల ఎత్తులో, మహా అయితే ఇంకో అడుగు పైన. ఎత్తు పెంచితే ఆ కర్రలు ఊగుతాయి, వాటికి అడ్డకర్రలు కావాలి. పైగా అక్కడ బకెట్ మీదో ఇటుకల మీదో ఎక్కి నిలబడితే 2.7 కాస్తా 2.2 అయిపోతుంది. ఎత్తు కుదిరితే కట్టండి, కవర్ కూడా ఉంచండి.

50 కిలోల సిమెంటు బస్తా ఎత్తడానికి గిలక ఎంత బరువుకి గీయాలి?

50కి గీస్తే ప్రమాదం. పైన కట్టిన ఒంటి చక్రం బరువుని తగ్గించదు, లాగే దిశని మారుస్తుంది అంతే. బస్తా 50, తాడు, హుక్కు కలిపి 55 అనుకోండి. రాపిడి కూడా కలిపి అవతల లాగేది 60 దాకా వస్తుంది. రెండూ ఒకే హుక్కు మీద పడతాయి, అంటే 115 కిలోలు. గుంజినప్పుడు, జారి ఆగినప్పుడు అది రెట్టింపు అవ్వచ్చు, 230. నేను అలాంటి గిలకకి పై హుక్కుని 250 కిలోల పని బరువుకి పెట్టి, విరగడానికి దానికి ఐదు రెట్లు పట్టేలా చూస్తాను. దాన్ని కట్టిన కర్రకీ ఇదే లెక్క, చాలామంది అది మర్చిపోతారు.

చైన్ పుల్లీ కొంటే ఈ గొడవే ఉండదు కదా?

ఒక గొడవ తగ్గుతుంది. చైన్ వదిలేసినా లోపలి బ్రేకు, రాచెట్ (ఒకవైపే తిరగనిచ్చే పళ్ళ చక్రం) బరువుని అక్కడే పట్టుకుంటాయి, అది పెద్ద నిశ్చింత. కానీ బరువు మోసే గొలుసు చక్రం గూళ్ళలోకి దూరే చోట వేలు పడితే తాడు కన్నా దారుణంగా నలుగుతుంది, ఎందుకంటే చేతి గొలుసు లాగేవాడికి అవతల ఎంత గట్టిగా నలుగుతోందో తెలియదు. గొలుసు మెలిపడితే చేత్తో తిప్పబోతారు, అప్పుడే. పైగా నెమ్మది. మోటార్లు, యంత్రాలు ఎత్తడానికి అదే సరైనది, రోజంతా ఇటుకలు ఎత్తడానికి ఎవరూ వాడరు.

## డిజైన్

కవర్ నోరు ఎంత ఉండాలి? తాడు పట్టాలి కదా, తాడు పట్టే చోట వేలు కూడా పడుతుంది.

పడుతుంది, కాబట్టి నోరు తగ్గించడం కాదు, లోతు పెంచాలి. వేలు దూరినా చక్రం దాకా అందకూడదు. 18 మిల్లీమీటర్ల తాడుకి 30 మిల్లీమీటర్ల గుండ్రటి నోరు కావాలి. ఐఎస్ఓ 13857 పట్టికలో 20 నుంచి 40 మధ్య ఉన్న గుండ్రటి రంధ్రానికి కావలసిన దూరం 120 మిల్లీమీటర్లు. కాబట్టి నోటి దగ్గర నుంచి తాడు చక్రాన్ని తాకే చోటు దాకా 120 వచ్చేలా ఒక గొట్టం పెట్టండి. గుండ్రంగా కాకుండా పొడవాటి చీలిక పెడితే లెక్క మారిపోతుంది, 20 నుంచి 30 వెడల్పున్న చీలికకి ఏకంగా 850 కావాలి, ఆ చీలిక పొడవు 65 లోపు ఉంటే బొటనవేలు అడ్డుపడుతుంది కాబట్టి 200తో సరిపెట్టుకోవచ్చు. గుండ్రటి నోరే సులువు.

గొట్టం చివర పదునుగా వదలకండి. తాడు పట్టుకున్న చెయ్యి వచ్చి ఆ అంచుకే తగులుతుంది, అది కోయకూడదు, నెట్టాలి. 12 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీని రింగులా వంచి అంచు చుట్టూ వెల్డింగ్ చేస్తే చాలు.

కవర్ బరువు వైపు వేస్తే సరిపోతుందా, రెండువైపులా వెయ్యాలా?

రెండువైపులా. పైకి ఎత్తేటప్పుడు బరువు వైపు తాడు చక్రంలోకి దూరుతుంది, దించేటప్పుడు లాగే వైపు తాడు దూరుతుంది. ఖాళీ బకెట్ కిందికి పంపేటప్పుడు తాడుకి బిగువు తక్కువ కదా అని పట్టించుకోరు, కానీ ఆ టైమ్‌లో వేగం ఎక్కువ. నేల దగ్గర ఇంకో గిలక పెట్టి తాడు మళ్ళించి లాగే పద్ధతి ఉంటే ఆ కింది గిలకకీ వెయ్యాలి. అది నడుం ఎత్తులోనో, కాళ్ళ దగ్గరో ఉంటుంది, అందరి చేతికీ అందుతుంది.

తాడు గాడి తప్పి పక్కన ఇరుక్కుంటోంది, తియ్యడానికే వేళ్ళు పెడుతున్నారు. దీనికేంటి మార్గం?

నన్ను అడిగితే డిజైన్ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. తాడు ఎప్పుడూ గాడిలోనే ఉంటే ఆ బ్లాకులో చెయ్యి పెట్టే పనే ఎవరికీ ఉండదు, కవర్ తీసేయాలన్న ఆలోచనా రాదు. బజారులో దొరికే గిలకల్లో చక్రానికీ పక్క ప్లేటుకీ మధ్య వేలు పట్టేంత సందు కనపడుతుంది, తాడు వదులైనప్పుడు అంచు దాటి ఆ సందులో పడి ఇరుసు మీద కూర్చుంటుంది. ఆ పైన ఎవరో గుంజుతారు, ఇంక అది కదలదు.

సందుని 3 మిల్లీమీటర్లకి తగ్గించండి. చక్రం పక్కలకి ఊగకుండా ఇరుసు మీద రెండువైపులా వాషర్లు పెట్టండి, లేకపోతే కొత్తలో 3 ఉన్నది కొన్నాళ్ళకి 8 అవుతుంది. గాడి లోతు తాడు మందానికి ఒకటిన్నర రెట్లు, 18 తాడుకి 27. గాడి అడుగు గుండ్రం తాడులో సగం కన్నా కాస్త ఎక్కువ వ్యాసార్ధం, 18 తాడుకి 10 పెడితే తాడు ఒత్తుకోదు, దొర్లదు. చక్రం అంచుకి దగ్గరగా, పైన ఒకటి, పక్కలకి రెండు అడ్డుపిన్నులు పెడితే తాడు వదులైనా గాడిలోంచి లేవలేదు. ఆకులున్న (స్పోకుల) చక్రం అసలు వద్దు. తిరుగుతున్న ఆకుల సందులో వేలు పడితే కత్తెరలో పడ్డట్టే. నిండు పళ్ళెంలా ఉండే చక్రం తీసుకోండి.

చక్రం చిన్నదైతే తేలికగా ఉంటుంది కదా, పెద్దది ఎందుకు?

చిన్న చక్రం మీద తాడు ఎక్కువ వంగుతుంది, లోపలి పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని త్వరగా చెడుతుంది, లాగడానికి బలం కూడా ఎక్కువ పడుతుంది. బలం ఎక్కువ పడితే మనుషులు తాడుని చేతికి చుట్టుకుంటారు. మామూలు పోగు తాడుకి గాడి అడుగున వ్యాసం తాడుకి 8 రెట్లు ఉంచుతాను, అంటే 18 తాడుకి దాదాపు 150 మిల్లీమీటర్లు, గాడి లోతు కలిపితే బయటి కొలత 204. ఇనుప తీగల తాడైతే ఇంకా ఎక్కువ, 18 నుంచి 20 రెట్లు. బరువు గురించి భయపడేవాళ్ళు చక్రాన్ని నైలాన్‌తో చేయించండి, అదే కొలతకి ఉక్కు దాదాపు ఏడు రెట్లు బరువు. నలుపు రంగు నైలాన్ అడగండి, ఎండకి తట్టుకుంటుంది.

పైన అందుకునేవాడు తాడు పట్టుకోకుండా ఎలా ఆపాలి? ఎంత చెప్పినా పట్టుకుంటున్నాడు.

పట్టుకోవద్దంటే పట్టుకుంటాడు, ఎందుకంటే బరువు ఊగుతోంది, దాన్ని తన వైపు తిప్పుకోవాలి. వేరే పిడి ఇవ్వండి. నేను చేయించేది ఇలా ఉంటుంది: హుక్కుకి పైన తాడు మీదుగా 300 మిల్లీమీటర్ల పొడవు, అంగుళం లావు జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం తొడుగు, దాని పై కొసకి 110 మిల్లీమీటర్ల గుండ్రటి పళ్ళెం, పళ్ళెం మీద రబ్బరు ముక్క. గొట్టం హుక్కు మీద కూర్చుని బరువుతో పాటే పైకి వస్తుంది. పట్టుకోవలసింది ఆ గొట్టాన్ని, దానికి ఆకుపచ్చ రంగు. పళ్ళెం చేతికి పైన అడ్డంగా ఉంటుంది కాబట్టి కిందవాడు ఎక్కువ లాగినా వెళ్ళి గిలక నోటికి తగిలేది పళ్ళెం, చెయ్యి కాదు. తడిసిన చేత్తో పట్టుకున్నా జారకుండా గొట్టానికి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే ఇంకా బాగుంటుంది.

దీనితో పాటు లాగే తాడు మీద రంగు దారంతో ఒక గుర్తు కట్టండి, గుర్తు తన చేతికి వచ్చిందంటే కిందవాడు ఆగాలి. అప్పటికి పళ్ళేనికీ నోటికీ మధ్య ఇంకా 100 మిల్లీమీటర్లైనా మిగలాలి. చెయ్యి నలగకుండా ఉండాల్సిన ఖాళీకి ఐఎస్ఓ 13854 చెప్పే కొలత అదే, ఒక్క వేలికైతే 25. గిలక ఎత్తు కూడా ఈ గుర్తు దగ్గర ఆగినప్పుడు తట్ట రెయిలింగు దాటేలా చూసుకుని కట్టాలి, లేకపోతే ఇంకో గుంజు తప్పదు.

తాడు జారి చేతులు కాలిపోతున్నాయి. గిలకలోనే బ్రేకు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టాలి కూడా. లాగే వైపు స్ప్రింగుతో తాడుని ఒత్తే, రంపంలా పళ్ళున్న ముక్క పెడితే పైకి వెళ్ళేటప్పుడు తాడు వదులుతుంది, వెనక్కి జారబోతే పట్టేస్తుంది. ఇక్కడ డిజైన్ చేసేవాళ్ళు ఎక్కువగా పట్టించుకోనిది విడిపించే పద్ధతి. దించడానికి ఆ ముక్కని వేలితో నొక్కాలంటే కొత్త ప్రమాదం తెచ్చినట్టే. విడిగా ఒక సన్న తాడు కిందికి వేలాడాలి, అది లాగి పట్టుకుంటేనే దిగాలి, వదిలితే మళ్ళీ పట్టెయ్యాలి. పళ్ళు మరీ పదునుగా ఉంటే తాడు పోగులు తెగుతాయి, కాస్త మొద్దుగా ఉంచండి.

లాగేవాడు పక్కకి నిలబడి లాగుతాడు. గొట్టం నోటికి తాడు రాసుకుని తెగిపోదా?

బ్లాక్ కదలకుండా బిగించి ఉంటే రాసుకుంటుంది. పై హుక్కు స్వివెల్ రకం (తన చుట్టూ తాను తిరిగేది) అయితే బ్లాక్ తాడు వైపే తిరుగుతుంది. అయినా లాగేవాడు గిలక నుంచి మరీ దూరంగా జరిగితే నోటి అంచు తాడుని తాకుతుంది. లాగే వైపు నోటిని గరాటులా విచ్చుకునేలా చెయ్యండి, లోపలి ఇరుకు చోటు 30 దాటకూడదు, అక్కడ నుంచి చక్రానికి దూరం 120 ఉండాలి. లాగే మనిషికి నేల మీద సున్నంతో నిలబడే గీత గీస్తే అది కూడా సాయపడుతుంది.

పక్క తెరుచుకునే స్నాచ్ బ్లాక్ మూసేటప్పుడు వేలు నలిగింది. దాన్ని ఎలా మార్చాలి?

తెరిచే ప్లేటుకి చిన్న పిడి వెల్డింగ్ చెయ్యండి, అంచుకి కనీసం 25 మిల్లీమీటర్లు లోపలికి, అప్పుడు వేళ్ళు మూతపడే అంచు మీద ఉండవు. పిన్ను గొలుసుతో బ్లాకుకే కట్టి ఉండాలి, పిన్ను పడిపోయి ఇనుప కడ్డీ ముక్క దూర్చడం సైట్లలో చూస్తూనే ఉంటాం. తాడులో బిగువు ఉండగా తెరుచుకోకుండా ఉండే ఏర్పాటు కూడా కావాలి. ఇంకో మాట, తాడు రెండు కొసల మధ్య కోణాన్ని బట్టి బ్లాక్ మీద పడే బరువు మారుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటే తాడు లాగుడుకి 2 రెట్లు, 90 డిగ్రీలైతే 1.41 రెట్లు, 120 డిగ్రీలైతే సమానం.

## షాపులో చేయించేటప్పుడు

మా దగ్గర పోత ఇనుము గిలక ఉంది. దానికే రేకు వెల్డింగ్ చేయించొచ్చా?

వద్దు. పోత ఇనుముకి మామూలు వెల్డింగ్ పెడితే పక్కన వేడి తగిలిన చోట పెళుసుగా మారి బీట వస్తుంది, బీట రంగు కింద కనపడదు. మీ గిలక చక్రం, ఇరుసు బాగుంటే రెండు ముక్కల కవర్ చేయించి బోల్టులతో పట్టించండి. ఆకుల చక్రమైతే దాన్ని కవర్‌లో దాచిపెట్టడం కన్నా చక్రం మార్చడమే మేలు.

బేరింగ్ వెయ్యాలా, బుష్ (ఇరుసు మీద తొడిగే గొట్టం ముక్క) చాలా?

సిమెంటు దుమ్ములో గ్రీజు లేని బుష్ త్వరగా పట్టేస్తుంది, చక్రం తిరగడం ఆగిపోయి తాడు దాని మీద జారుతుంది, అప్పుడు ఎవరో ఒకరు చేత్తో చక్రం తిప్పి చూస్తారు. రెండువైపులా రబ్బరు సీలున్న 6204 బేరింగులు రెండు వేస్తే ఈ సైజు గిలకకి సరిపోతుంది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి.

ఇరుసుకి రెండువైపులా వెల్డింగ్ చుక్క పెడితే చాలు కదా?

చాలదు. చుక్క విరిగితే ఇరుసు పక్కకి జరుగుతుంది, విరగకపోతే బేరింగ్ మార్చడానికి గ్యాస్ కట్టర్ కావాలి, అంత శ్రమ ఎవరూ పడరు, పట్టేసిన చక్రంతోనే నడిపిస్తారు. ఇరుసు కొసలో గాడి కోసి అందులో కూర్చునే ప్లేటు ముక్కని రెండు బోల్టులతో బిగించండి. ఇరుసు తిరగదు, జరగదు, స్పానరుతో ఊడుతుంది.

ఇవన్నీ పెడితే ఖర్చు బాగా పెరుగుతుందేమో?

పెరిగేది కాస్త రేకు, మూడు గొట్టం ముక్కలు, రెండు బేరింగులు, లేత్ మీద కాసేపు పని. తాడు ఎక్కువ కాలం వస్తుంది కాబట్టి అందులో కొంత తిరిగి వస్తుంది. పది గిలకలు ఒకేసారి చేయిస్తే రేకు కటింగ్ కలిసొస్తుంది, నలుగురు కాంట్రాక్టర్లు కలిసి ఆర్డర్ ఇవ్వండి.

## సైటుకి పంపే ముందు

వేలు దూరదని ఎలా తేల్చుకోవాలి? మన వేలు పెట్టి చూడలేం కదా?

12 మిల్లీమీటర్ల లావు, 80 పొడవున్న గుండ్రటి కర్ర చేయించండి, పరీక్షలకి వాడే నకిలీ వేలి కొలత అదే. కవర్ మీద ప్రతి సందులో, ప్రతి మూల నుంచి పెట్టి చూడండి, తిరిగే చక్రాన్ని ఎక్కడా తాకకూడదు. తర్వాత ఒక గ్లవ్‌లో ఊక కూరి, వేళ్ళు తాడుని పట్టుకున్నట్టు దారంతో కట్టి తాడు లాగండి, మామూలుగా ఒకసారి, బాగా గుంజి ఒకసారి. గ్లవ్ నోటి దగ్గర ఆగిపోవాలి. విప్పి ఊక ఎక్కడ నలిగిందో, గుడ్డ ఎక్కడ కోసుకుపోయిందో చూడండి. గుడ్డ కోసుకుపోయిందంటే నోటి అంచు ఇంకా గుండ్రం చెయ్యాలి.

బరువు పరీక్ష మన షాపులో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చెయ్యాలి. పని బరువుకి రెండు రెట్ల ఇసుక బస్తాలు, నేలకి జానెడు ఎత్తులో, పది నిమిషాలు. కింద, పక్కన ఎవరూ ఉండకూడదు. ముందూ తర్వాతా హుక్కు నోరు, ఇరుసు, సందు కొలవండి, కొలత మారితే ఆ బ్లాక్ పంపకండి. చట్ట ప్రకారం కావలసిన సర్టిఫికెట్ వేరు, అది అర్హత ఉన్న పరీక్షకుడే ఇవ్వాలి.

బ్లాక్ మీద ఏమేం రాయాలి?

పని బరువు, తాడు మందం, తయారైన సంవత్సరం, బ్లాక్ నంబరు. పెయింటుతో కాదు, పంచితో కొట్టించండి. రాసిన కిలోలు తాడుకి వేలాడే బరువుకా, పై హుక్కు మీద పడే మొత్తానికా అనేది తెలుగులో స్పష్టంగా ఉండాలి, ఒంటి చక్రం బ్లాకులో ఈ రెండింటికీ రెట్టింపు తేడా ఉంటుంది. నోటి చుట్టూ ఎరుపు రంగు, బ్లాకుని మోసే పిడికి ఆకుపచ్చ.

## సైటులో వాడేటప్పుడు

కవర్ ఉంటే తాడు ఎక్కించడం కష్టమని పీకి పారేస్తున్నారు. ఏం చెయ్యాలి?

వాళ్ళని తప్పుపట్టకండి, తాడు ఎక్కించడానికి అరగంట పడితే ఎవరైనా పీకేస్తారు. కవర్‌లో సగం కీలు మీద తెరుచుకోవాలి, ఒక్క బోల్టుతో మూసుకోవాలి, ఆ బోల్టు ఊడినా కింద పడకూడదు. ముడి లేని తాడు కొసకి సన్న తీగ కట్టి గొట్టంలోంచి లాగితే ఇట్టే వస్తుంది. కొత్త గిలక పంపేటప్పుడు తాడు మీరే ఎక్కించి పంపండి. నెల తర్వాత వెళ్ళి చూడండి, కవర్ లేకపోతే ఎందుకు తీశారో అడిగి దాన్ని బట్టి బొమ్మ మార్చండి.

తువాలు చేతికి చుట్టుకుని, దాని మీద తాడు ఒక చుట్టు వేసుకుని లాగుతారు. అది తప్పా?

చాలా ప్రమాదం. బరువు జారితే చుట్టు బిగుసుకుని చెయ్యి విడిపించుకోలేరు, మనిషి తాడుతో పాటు లాక్కుపోబడతాడు. అలా చుట్టుకుంటున్నారంటే తాడు సన్నగా ఉందనో, బరువు ఎక్కువైందనో అర్థం. 18 నుంచి 20 మిల్లీమీటర్ల తాడు పిడికిలికి బాగా అందుతుంది. ఒకరికి బరువైతే ఇద్దరిని పెట్టండి, లేదా కదిలే గిలక ఒకటి కలిపితే లాగే బలం దాదాపు సగం అవుతుంది, లాగాల్సిన తాడు మాత్రం రెట్టింపు.

మోటారు మినీ లిఫ్టులో చేతులతో పని లేదు కదా?

డ్రమ్ము మీద తీగల తాడు వరసగా చుట్టుకోకపోతే చేత్తో నెడుతూ సర్దుతారు, నేను చూసిన అలవాట్లలో నాకు ఎక్కువ భయం వేసేది ఇదే. మోటారుకి చెయ్యి అడ్డుపడిన సంగతి తెలియదు, ఆగదు. డ్రమ్ముకి జాలీ కవర్, తాడుని వరసలో పెట్టే గైడు, పైన లిమిట్ స్విచ్ (హద్దు చేరగానే మోటారుని ఆపేది), ఆపరేటరుకీ పైన అందుకునేవాడికీ చేరువలో చెరొక స్టాప్ బటన్ ఉండాలి. తాడు పరీక్షించేటప్పుడు మోటారు మెయిన్ ఆపి, ఆగి ఉన్న తాడు మీద గుడ్డ పెట్టి చూడండి, తెగిన పోగు ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది.

బోరు మోటారు పైకి లాగేటప్పుడు గిలక కన్నా క్లాంపు దగ్గరే వేళ్ళు పోతున్నాయి. దానికేమైనా ఉందా?

క్లాంపు కేసింగ్ పైపు మీద కూర్చునే క్షణంలో కింద వేళ్ళుంటే నలుగుతాయి. క్లాంపుకి రెండువైపులా అడుగు పొడవు పిడులు పెట్టించండి, పట్టుకునేవాడి చెయ్యి కేసింగ్ అంచుకి దూరంగా ఉంటుంది. ముక్కాలికి చైన్ పుల్లీ కడితే కొద్దికొద్దిగా దించవచ్చు, ఎక్కడికక్కడ ఆగుతుంది. చైన్ లాగేవాడికి ఒక్కరే చెప్పాలి, నలుగురూ "దించు, ఆపు" అని అరిస్తే ఎవరి మాట వినాలో తెలియదు.

ఎన్నాళ్ళకోసారి చూడాలి? ఎప్పుడు పారెయ్యాలి?

రోజూ పొద్దున్నే తాడు ఎక్కే ముందు: చక్రం తేలికగా తిరుగుతోందా, సందు పెరిగిందా, హుక్కు నాలిక (నోటిని మూసే పట్టీ) మూసుకుంటోందా, కవర్ ఉందా. అర్హత ఉన్నవాళ్ళతో పూర్తి పరీక్ష కనీసం 12 నెలలకోసారి, 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నుంచి వస్తున్న లెక్క అది. హుక్కు కొత్తగా ఉన్నప్పుడే నోటికి రెండువైపులా పంచితో చుక్కలు కొట్టి దూరం రాసుకుంటే, తర్వాత సాగిందో లేదో చిన్న స్కేలుతో తెలిసిపోతుంది. సాగిన హుక్కుని వేడి చేసి వంచకండి, ముక్కలు కోసి పాత ఇనుములో వేసెయ్యండి, లేకపోతే ఇంకో సైటులో తేలుతుంది.

## ప్రమాదం జరిగితే

చెయ్యి గిలకలో ఇరుక్కుపోతే గబుక్కున లాగెయ్యాలా?

వద్దు, అలా లాగితే గాయం పెద్దదవుతుంది. ముందు తాడు లాగడం ఆపాలి, కానీ వదిలెయ్యకూడదు. ఇద్దరు ముగ్గురు వెళ్ళి తాడుని స్తంభానికి కట్టి బరువు పడకుండా చూడాలి. తర్వాత బరువుని కింద నుంచి ఎత్తి పట్టి తాడు బిగువు తీసి, చక్రాన్ని వెనక్కి నెమ్మదిగా తిప్పాలి. అదే టైమ్‌లో ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి.

వేలు తెగిపడితే ఐసులో వేసి తీసుకెళ్ళాలా?

నేరుగా ఐసులో వద్దు, కణజాలం పాడవుతుంది. శుభ్రమైన గుడ్డని సెలైన్‌తోనో మంచినీళ్ళతోనో తడిపి పిండి, వేలిని అందులో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఆ కవర్‌ని ఐసు కలిపిన నీళ్ళలో ఉంచండి. చేతిని గుడ్డతో గట్టిగా ఒత్తి పైకెత్తి పట్టుకోండి. మిగిలిన వేళ్ళకి ఉంగరాలుంటే వాపు రాకముందే తీసెయ్యండి. పసుపు, కాఫీపొడి లాంటివి గాయం మీద వెయ్యకండి. మళ్ళీ అతికించే సర్జరీ ఉన్న ఆస్పత్రి ఏదో పని మొదలయ్యే రోజే కనుక్కుని బోర్డు మీద రాసి పెట్టండి, ఆ గాభరాలో వెతకడం కుదరదు.

వేలు పోయిన కూలీకి పరిహారం వస్తుందా? లేబర్ కార్డు లేదు.

పరిహారం కార్డు మీద ఆధారపడి ఉండదు, పనిలో జరిగిన గాయానికి యజమాని బాధ్యుడు. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం నష్టంగా లెక్కించారు, జీతం, వయసు బట్టి డబ్బు తేలుతుంది. ఆస్పత్రి కాగితాలు, సైటు ఫోటోలు, హాజరు పుస్తకం పేజీ, గిలక ఫోటో కవర్ ఉందో లేదో కనపడేలా దాచుకోండి, జిల్లా లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు పథకాలు వేరు, వాటికి పేరు నమోదు కావాలి: వయసు 18 నుంచి 60 మధ్య, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. మీ సైటులో తాడు లాగే ప్రతి ఒక్కరి పేరూ ఈ వారమే నమోదు చేయించండి.